ఫారంలో ఉన్న ఆ ప్రశ్న మా గుమ్మంలో అడగండి

గోదావరి డెల్టా జిల్లాల కలెక్టర్లకు, జిల్లా వైద్యారోగ్య శాఖ అధికారులకు ఒక లస్కరు కూతురి బహిరంగ లేఖ

అయ్యా, అమ్మా,

నమస్కారం. మాది వశిష్ఠ గోదావరి ఒడ్డున చిన్న ఊరు. మా నాన్నగారు ఇరిగేషన్‌లో లస్కరుగా ముప్పై ఏళ్లు చేసి 2005లో రిటైరయ్యారు. లస్కరంటే ఎవరో మీలో వేరే ప్రాంతాల నుంచి బదిలీ మీద వచ్చినవారికి తెలియకపోవచ్చు. కాలవ గట్టు వెంట రాత్రనక పగలనక తిరుగుతూ, గట్టు ఎక్కడ జారిందో, తూముకు ఎక్కడ గుర్రపుడెక్క అడ్డం పడిందో చూసుకుంటూ, వంతుల ప్రకారం తలుపులు ఎత్తి దించే మనిషి. ధవళేశ్వరం దగ్గర వదిలిన నీరు సముద్రం పక్కనున్న శివారు చేల దాకా చేరుతోందంటే మధ్యలో అలాంటివాళ్ల కాళ్ల కష్టం ఉంది.

ఆయనకిప్పుడు 78 ఏళ్లు. డిమెన్షియా మొదలై ఏడేళ్లు దాటింది. మా వైపు మతిమరుపు జబ్బు అంటారు. చాలామంది అదీ అనరు, ‘చాదస్తం’ అనేసి ఊరుకుంటారు.

ఈ ఏడేళ్లలో చూసినదాన్నిబట్టి మిమ్మల్ని ఒక్కటే అడగడానికి రాస్తున్నాను. ప్రభుత్వం మా గడప దాకా వస్తూనే ఉంది. ఒకటో తారీఖున పింఛను పట్టుకుని సచివాలయం వాళ్లు వస్తారు. బీపీ మిషను, షుగరు చూసే సూది పట్టుకుని ఏఎన్‌ఎం, ఆశా వస్తారు. ఓటరు లిస్టుకొకరు, ఇంటి పన్నుకొకరు వస్తారు. అలా వచ్చినప్పుడు మతి గురించి ఒక మాట అడగండి. ‘అవును’ అని జవాబు వస్తే ఆ మనిషినీ, ఆ మనిషిని చూసుకుంటున్న మనిషినీ ఎక్కడికి పంపాలో ఒక దారి వేయండి.

ముందు చాదస్తం అనే మాట గురించి చెప్పాలి. మా మూడేళ్లు ఆ మాటే తినేసింది.

2018 సంక్రాంతి నాడు భోజనాల దగ్గర నాన్నగారు 86 వరద కథ మూడుసార్లు చెప్పారు. మేం నవ్వుకున్నాం. ఆ వేసవిలో కిరాణా కొట్లో ఇచ్చిన డబ్బే మళ్లీ ఇచ్చి వచ్చారు. చొక్కా మీద చొక్కా వేసుకున్నారు. వయసు మీద పడింది కదా అనుకున్నాం. అమ్మ పోయిన బెంగ అన్నారు చుట్టాలు. ఒకరోజు పొద్దున్నే పాలకు వెళ్లినాయన పది దాటినా రాలేదు. వెతుక్కుంటూ వెళ్తే కాలవ గట్టు మీద నిలబడి ఉన్నారు. నీళ్లు ఎటు పారుతున్నాయో చూసి ఏ ఊరు ఏ వైపో చెప్పేసే మనిషి, ఆ పారే నీళ్ల పక్కనే నిలబడి, “మన ఊరు ఎటమ్మా?” అని నన్ను అడిగారు.

అప్పుడు భయం వేసింది. అయినా ఎక్కడికి వెళ్లాలో తెలియలేదు. ఊళ్లో ఆర్‌ఎంపీ గారు బలానికని ఇంజెక్షన్లు చేశారు, రాత్రిళ్లు తిరగకుండా నిద్రబిళ్లలిచ్చారు. ఆ మత్తులో నాన్నగారు పెరట్లో పడి మణికట్టు విరగ్గొట్టుకున్నారు. గాలి సోకిందని ఒకరంటే తాయెత్తు కట్టించాం. ఎవరినీ తప్పు పట్టడానికి ఇది రాయడం లేదు. మాకు తెలిసిన దారులు అవే, అందుకే ఆ దారుల్లోనే తిరిగాం. 2021లో, నాకు తెలిసిన టీచరమ్మ ఒకామె వాళ్ల అమ్మగారి సంగతి చెప్పబట్టి, నరాల డాక్టరు గారి దగ్గరికి పట్నం తీసుకెళ్లాం. ఆయన రక్తపరీక్షలు రాశారు, మెదడు స్కాన్ తీయించారు. బి12 విటమిన్ తక్కువైనా, థైరాయిడ్ మందగించినా, ఎప్పుడో తగిలిన దెబ్బకు తలలో రక్తం గడ్డకట్టినా, మనసు బాగా కుంగిపోయినా ఇలాంటి లక్షణాలే వస్తాయట. వాటికి వైద్యం ఉంది, మనిషి తేరుకుంటాడు. అవేవీ కావని తేలాకే అల్జీమర్స్ అన్నారు, డిమెన్షియాలో అదొక రకం.

ఈ ముక్క దగ్గర నేను ఇప్పటికీ ఆగిపోతాను. మా నాన్నగారికి అవేవీ లేవు. కానీ ఈ డెల్టాలో ఎంతమంది పెద్దవాళ్లు మామూలు బి12 లోపంతోనో, థైరాయిడ్‌తోనో మతి తప్పి, చాదస్తం అనిపించుకుంటూ ఒక మూల కూర్చుని ఉన్నారో? ఒక్క రక్తపరీక్షతో తేలే సంగతి కదండీ అది.

పొయ్యి మీద పాలు పెట్టి మర్చిపోవడం ఎవరికైనా ఉంటుంది. నలభై ఏళ్లు పాలు కాచిన చేతులకు అది ఎలా చేయాలో గుర్తు రాకపోతే అది జబ్బు. కొత్త సంగతులను దాచుకునే చోటు మెదడులో ముందుగా దెబ్బతింటుంది. అందుకే పొద్దున తిన్న ఇడ్లీ నాన్నగారికి గుర్తుండదు, 1986 ఆగస్టులో ఏటిగట్టు మీద ఎన్ని ఇసుక బస్తాలు వేశారో గుర్తుంటుంది. ‘పాతవన్నీ బాగానే గుర్తున్నాయి, నాటకమాడుతున్నాడు’ అని బయటివాళ్లు అంటుంటే ఇంట్లోవాళ్లు ఎంత బాధపడతారో చెప్పలేను.

ఇక ఆ ప్రశ్న దగ్గరికి వస్తాను.

ముప్పై ఏళ్లు దాటిన ప్రతి ఒక్కరికీ ఆశా కార్యకర్త నింపాల్సిన ఫారం ఒకటుంది. సీబ్యాక్ అంటారు. బీడీ, చుట్ట తాగుతారా, నడుము కొలత ఎంత, ఇంట్లో ఎవరికైనా బీపీ, షుగరు ఉన్నాయా వంటివన్నీ అడిగే ఫారం. అందులో అరవై దాటినవారి కోసం విడిగా కొన్ని ప్రశ్నలున్నాయి. వాటిలో ఒకటి, మీ దగ్గరివాళ్ల పేర్లు గానీ, సొంత ఇంటి చిరునామా గానీ మర్చిపోతున్నారా అని. ‘అవును’ అంటే దగ్గర్లోని ఆసుపత్రికి పంపాలి. నేను ఈ సంగతి తెలిసి నిర్ఘాంతపోయాను. మేం తాయెత్తులు కట్టించుకుంటున్న ఊళ్లోనే, మా జబ్బును పట్టుకోగల ప్రశ్న అచ్చేసి ఉంది!

మా ఇంటికీ ఆ ఫారం వచ్చింది. ఆశా అమ్మాయి అరుగు దగ్గర నిలబడి నాన్నగారినే అడిగింది. ఇస్త్రీ చొక్కా వేసుకుని కుర్చీలో కూర్చున్న నాన్నగారు, “నాకేం మరుపమ్మా, కాలవ మీద ప్రతి తూమూ చెప్తాను” అని నవ్వారు. ఆ అమ్మాయి ‘లేదు’ అని నింపుకుని వెళ్లింది. ఆ పిల్లదేం తప్పు లేదు. చేతిలో ఫోను, ఆ ఫోనులో ఇంకా నింపాల్సిన ఇళ్లు, సాయంత్రానికి పైనుంచి వచ్చే మెసేజీలు. తనకు ఈ జబ్బు గురించి ఎవరూ ఒక గంట కూర్చోబెట్టి చెప్పలేదు. నేను తర్వాత వంటింట్లోకి పిలిచి సంగతి చెప్తే ఆమె అడిగిన మాట ఇది: “అవును అని రాస్తే ఎక్కడికి పంపాలక్కా?”

దానికి జవాబు మీ దగ్గర ఉండాలి.

మొదటిది, ఆ ప్రశ్న మనిషిని కాకుండా చూసుకునే మనిషిని అడగాలి. మరుపు జబ్బున్నవాళ్లకు తాము మర్చిపోతున్నామన్న సంగతే చాలాసార్లు తెలియదు. రెండోది, ఇంటివాళ్ల పేర్లు మర్చిపోయే దాకా ఆగితే ఆలస్యమైపోతుంది. డబ్బు లెక్క తప్పుతోందా, తెలిసిన దారిలో తప్పిపోయారా, చెప్పిందే గంటలో పదిసార్లు చెప్తున్నారా, నిన్నటిదాకా చేసిన పని చేయలేకపోతున్నారా అని కోడలినో కూతురినో పక్కకు పిలిచి అడగాలి. అయిదు నిమిషాలు పడుతుంది.

ఇది కొండంత పని అనుకుంటారేమో, లెక్క చెప్తాను. దేశవ్యాప్తంగా జరిగిన లాసీ-డాడ్ అనే అధ్యయనం ప్రకారం మన దేశంలో అరవై దాటినవారిలో 7.4 శాతం మందికి, అంటే సుమారు 88 లక్షల మందికి డిమెన్షియా ఉంది. ఆ ఫలితాలు 2023లో వచ్చాయి. మగవారికంటే ఆడవారిలో, పట్నాలకంటే పల్లెల్లో ఎక్కువని కూడా అందులో తేలింది. 88 లక్షలంటే గుండె గుభేలుమంటుంది. కానీ ఒక ఆశా చూసుకునేది సుమారు వెయ్యిమంది జనాభాను. అందులో అరవై దాటినవాళ్లు నూట ఇరవై మంది ఉన్నారనుకుంటే, ఈ జబ్బున్నవాళ్లు ఎనిమిది, తొమ్మిది మంది. ఆ ఎనిమిది, తొమ్మిది ఇళ్లూ ఏవో ఆ అమ్మాయికి తెలిస్తే చాలు.

అక్కడి నుంచి దారి ఇలా ఉంటే బాగుంటుందని నాకు అనిపిస్తుంది. పీహెచ్‌సీలో బి12, థైరాయిడ్ పరీక్షలకు రక్తం తీయాలి, బీపీ, షుగరు చూడాలి, చెవులు, కళ్లు చూడాలి. అమలాపురం, రాజోలు, పాలకొల్లు, నరసాపురం, తణుకు లాంటి ఊళ్ల ప్రభుత్వాసుపత్రుల్లో నెలలో ఒక రోజు మతిమరుపు జబ్బుకని ఓపీ పెట్టాలి. జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం కింద సైకియాట్రిస్టులు ఉన్నారు కదా, వాళ్లనే ఆ రోజుకు కూర్చోబెట్టండి. తేలనివాళ్లను మాత్రం కాకినాడ పెద్దాసుపత్రికి పంపండి. చదువు రాని పెద్దవాళ్లను ‘ఒక వాక్యం రాయి, ఈ బొమ్మ గీయి’ అని పరీక్షిస్తే జబ్బు లేనివాళ్లూ తప్పుతారు. మన తెలుగువాళ్లకు పనికొచ్చేలా మార్చిన పరీక్షలు ఉన్నాయి. హైదరాబాద్ నిమ్స్‌లో డాక్టర్ సువర్ణ అల్లాది గారి బృందం 648 మంది డిమెన్షియా రోగులను పరిశీలించి, రెండు భాషలు మాట్లాడేవారిలో ఈ జబ్బు సగటున నాలుగున్నరేళ్లు ఆలస్యంగా వస్తోందని, చదువు రానివారిలోనూ ఆ తేడా ఉందని 2013లో ప్రపంచానికి చెప్పింది. తెలుగు నేల మీద పుట్టిన ఆ జ్ఞానం మా శివారు ఊళ్లకు ఇంకా పారలేదు.

పట్నంలో నరాల డాక్టరు గారు మందు కూడా రాసిచ్చారు. డొనెపెజిల్ బిళ్ల. పోయిన మతిని అది తిరిగి తేదని, కొందరిలో కొంతకాలం కాస్త తేటగా ఉంచుతుందని ఆయన నిజాయితీగా చెప్పారు. ఆయన మంచి డాక్టరే. కానీ బయట అరవైమంది కూర్చున్నారు, మాకు దొరికింది ఏడు నిమిషాలు. స్నానం చేయనంటే ఏం చేయాలి? అన్నం నోట్లో పెట్టుకుని మింగడం మర్చిపోతే? అర్ధరాత్రి లేచి డ్యూటీకి వెళ్తానంటే? చీటీ మీద వాటికి మందు లేదు.

ఆ మందు నాకు కువైట్ నుంచి వచ్చింది. మా తమ్ముడూ మరదలూ తొమ్మిదేళ్లుగా అక్కడే ఉన్నారు. మరదలు ఒక ఇంట్లో ముసలామెను చూసుకుంటుంది, ఆమెకూ ఇదే జబ్బు. నేను ఫోనులో ఏడుస్తుంటే మరదలు అంది: “వదినా, మామయ్యగారికి ఎదురు చెప్పకండి. అత్తయ్యగారు ఏరీ అంటే చనిపోయారని ప్రతిసారీ చెప్పొద్దు, ఆయనకు ప్రతిసారీ కొత్త చావే. పుట్టింటికెళ్లారని చెప్పి, ఆవిడ వంట గురించి అడగండి.” ఆ ఒక్క మాటతో మా ఇల్లు మారిపోయింది. స్నానానికి ‘పదండి’ అని లాగడం మానేశాను. “నాన్నా, తూము దగ్గర బురదయింది, కాళ్లు కడుక్కోండి” అంటే వచ్చేస్తారు. కాళ్లతో మొదలుపెడితే ఒళ్లంతా కడగనిస్తారు. పళ్లెం నిండా నాలుగు కూరలు వేస్తే తికమకపడతారు, ఒక్కొక్కటీ ఇస్తే తింటారు. పొద్దు గూకే వేళకు కంగారు పెరుగుతుంది కాబట్టి ఆ వేళకు ముందే లైట్లు వేస్తాను, చేతికి కొబ్బరి పీచు ఇస్తాను. తాడు పేనుతూ కూర్చుంటారు.

ఇవన్నీ ఒక నర్సమ్మ ఒక పూట కూర్చోబెట్టి నేర్పించగలిగినవే. మంచాన పడ్డాక పుండ్లు పడకుండా పక్క మార్చడం, కొరబోయినప్పుడు ఏం చేయాలో చూపించడం కూడా అందులోనే. ఇంకొకటి తప్పకుండా చెప్పాలి: మతి ఉన్నట్టుండి రెండు మూడు రోజుల్లో బాగా పాడైతే అది జబ్బు ముదరడం అనుకోకూడదు. 2023లో నాన్నగారు అలాగే మగతలోకి వెళ్లిపోయారు. ఇక అయిపోయిందనుకున్నాం. చూస్తే మూత్రంలో ఇన్‌ఫెక్షన్. మందులు పడ్డాక వారంలో మళ్లీ మామూలయ్యారు. ఈ సంగతి తెలియక ఎన్ని ఇళ్లలో పెద్దవాళ్లకు తులసి నీళ్లు పోసి చేతులు కట్టుకు కూర్చున్నారో. అలాగే, అరుస్తున్నారని మత్తు పెట్టే మందులు ఎవరికి పడితే వారు ఇవ్వకుండా ఆర్‌ఎంపీలకు గట్టిగా చెప్పండి. ఈ జబ్బున్న పెద్దవాళ్లలో కొన్ని మానసిక మందుల వల్ల పక్షవాతం, ప్రాణాపాయం పెరుగుతాయని వైద్యులే హెచ్చరిస్తున్నారు.

ఇప్పుడు నీళ్ల గురించి. ఇది హైదరాబాద్‌లోనో ఢిల్లీలోనో కూర్చుని రాసే పథకాల్లో ఉండదు, మీరే చూడాలి.

ఈ జబ్బున్నవాళ్లు ఇల్లు దాటి వెళ్లిపోతారు. ఎక్కడైనా అంతే. కానీ మా దగ్గర ఇల్లు దాటితే నీళ్లే. ముందు కాలవ, వెనక బోదె, పక్కన రొయ్యల చెరువు, నాలుగడుగులు వేస్తే ఏరు. 2022 జూన్‌లో, కాలవలకు నీళ్లు వదిలిన వారంలో, రాత్రి రెండింటికి లేచి చూస్తే నాన్నగారి మంచం ఖాళీగా ఉంది. తలుపు గడియ ఆయనే తీసుకున్నారు. స్టేషన్‌కు ఫోను చేస్తే, “పెద్దాయన కదమ్మా, ఏ చుట్టాలింటికో వెళ్లుంటారు, తెల్లారాక రండి” అన్నారు. మా ఆయన, పక్కింటి కుర్రాళ్లు టార్చిలు పట్టుకుని గట్టు వెంట పరిగెత్తారు. దొరికింది రెండు కిలోమీటర్ల అవతల, ఒక రొయ్యల చెరువు కాపలాదారుకి. తూము మీద కూర్చుని తలుపు చక్రం కోసం చీకట్లో తడుముకుంటున్నారట. కింద నిండు కాలవ. “శివార్లో నాట్లు ఆగిపోతాయి, వంతు మనదే” అంటున్నారట. ఆ కాపలా అబ్బాయి ఎంత బుద్ధిమంతుడంటే వాదించలేదు. “ఎత్తేశాం బాబాయ్, నీళ్లు వెళ్లిపోయాయి” అని చెప్పి, చేయి పట్టుకుని గట్టు దించి, టీ ఇచ్చి కూర్చోబెట్టాడు.

అందరికీ ఆ అదృష్టం ఉండదు. తప్పిపోయింది డిమెన్షియా ఉన్న మనిషి అని చెబితే, తెల్లారే దాకా ఆగకుండా ఆ గంటలోనే వెతకడం మొదలుపెట్టమని స్టేషన్లకు మీ నుంచి ఒక ఉత్తర్వు వెళ్లాలి. చేతికి పేరు, ఫోను నంబరు ఉన్న కడియమో పట్టీయో ఊరి సచివాలయంలోనే ఇవ్వాలి. లస్కర్లకు, చెరువుల కాపలాదార్లకు, రేవుల్లో పంటు నడిపేవాళ్లకు, ఆర్టీసీ కండక్టర్లకు ఈ జబ్బు గురించి పదిమాటలు చెప్పించండి. మా గట్ల మీద రాత్రిపూట మెలకువగా ఉండేది వాళ్లే.

వరదలప్పుడు ఇంకో కష్టం. 2022 జూలైలో ధవళేశ్వరం దగ్గర 25 లక్షల క్యూసెక్కులు దాటి వచ్చినప్పుడు మా మేనత్తగారి లంక మునిగింది. వాళ్ల పక్కింటి మామ్మగారికి మరుపు జబ్బు. హైస్కూల్లో పెట్టిన పునరావాస కేంద్రానికి తీసుకొచ్చారు. కొత్త చోటు, వందలమంది, రాత్రంతా లైట్లు, మైకులు. ఆవిడ ‘నన్నెక్కడికి ఎత్తుకొచ్చారు’ అని కేకలు వేస్తూనే ఉంది. తోటివాళ్లు విసుక్కున్నారు. రెండో రోజు కొడుకు తట్టుకోలేక ఆవిడను పడవలో మునిగిన ఊరికే తిరిగి తీసుకెళ్లి డాబా మీద ఉంచుకున్నాడు. వరద హెచ్చరిక రాగానే లంకల్లో గర్భిణుల జాబితా తీసి వాళ్లను ముందే తరలిస్తారు కదా, ఎంత మంచి పద్ధతి అది. ఆ జాబితా కింద ఈ మనుషుల పేర్లు కూడా రాయండి. కేంద్రంలో గోల లేని ఒక గది, ఇంటి మనిషి పక్కనే ఉండే వీలు, ఆ మనిషి దుప్పటి, తలగడ తెచ్చుకోనివ్వడం. చాలు.

డబ్బు సంగతి క్లుప్తంగా చెప్తాను. పక్షవాతంతో మంచం పట్టినవారికి మన రాష్ట్రంలో నెలకు 15,000 రూపాయల పింఛను ఉంది. డిమెన్షియా ముదిరి, తినడం, నడవడం, ఒళ్లు కడుక్కోవడం అన్నీ పోయినవారి పరిస్థితి అంతకంటే తక్కువేం కాదు. 2016 వికలాంగుల హక్కుల చట్టంలోని 21 వైకల్యాల్లో పార్కిన్సన్స్ పేరుంది, డిమెన్షియా పేరు లేదు. అందుకే సర్టిఫికెట్ దగ్గర కుటుంబాలు తెల్లమొహం వేస్తున్నాయి. చట్టం మార్చడం మీ చేతుల్లో లేదని తెలుసు. వైకల్య సర్టిఫికెట్ కోసం పరీక్షించే సదరం శిబిరాల్లో ఈ జబ్బున్నవారిని ఏ విభాగం కింద పరీక్షించాలో డాక్టర్లకు స్పష్టంగా చెప్పించడం, మీ సిఫారసు పైకి పంపడం మీ చేతుల్లోనే ఉన్నాయి. బ్యాంకు సంగతీ అంతే. సంతకం కలవడం లేదని నాన్నగారి పింఛను డబ్బు కోసం మమ్మల్ని రెండు నెలలు తిప్పారు. సంతకం పెట్టలేనివారి వేలిముద్రను, బ్యాంకు అధికారి ఒకరితో సహా ఇద్దరు సాక్షుల ఎదుట తీసుకోవచ్చని రిజర్వు బ్యాంకు నిబంధనే ఉంది. బ్యాంకర్ల మీటింగులో ఒకసారి గుర్తు చేయండి. ఇది చదివే కుటుంబాలకు నా మాట: జబ్బు తొలిరోజుల్లో, వారికి తెలివి ఉండగానే, వారి ఇష్టంతో ఖాతాను ఇద్దరి పేర్ల మీదికి మార్చుకోండి.

చివరగా నా గురించి, నాలాంటివాళ్ల గురించి.

నేను ప్రైవేటు స్కూల్లో పద్నాలుగేళ్లు లెక్కలు చెప్పాను. 2021లో మానేశాను. ఇష్టంగానే మానేశాను, నాన్నగారిని చూసుకోవడం నాకు భారం అనను. కానీ నాలుగేళ్లుగా ఒక పెళ్లికి వెళ్లలేదు. పళ్లు నొప్పెడితే డాక్టరు దగ్గరికి వెళ్లడానికి ఆర్నెల్లు పట్టింది. ఒక రాత్రి నా మీద నాకే కోపం వచ్చి, ఆయన మీద చేయి ఎత్తబోయి ఆగాను. ఆ రాత్రి 14416కు ఫోను చేశాను, మనసు బాగాలేనివారితో మాట్లాడే ప్రభుత్వ ఫోను సాయం, టెలిమానస్ అంటారే అది. అవతల ఒకామె తెలుగులో, తొందరపడకుండా, నలభై నిమిషాలు మాట్లాడింది. వయోవృద్ధుల కోసం 14567 కూడా ఉంది. ఈ రెండు నంబర్లూ ప్రతి సచివాలయం గోడ మీద పెద్దక్షరాలతో రాయించండి. ఒంటరిగా ఉన్నామనుకునేవాళ్లు ఊరూరా ఉన్నారు. వాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లే.

మాకు కావలసింది పగటిపూట కొన్ని గంటలు. పొద్దున పది నుంచి నాలుగు దాకా నాన్నగారిని నమ్మకంగా దించి రాగలిగే ఒక చోటు. కేరళ ప్రభుత్వం 2014లోనే ‘స్మృతిపథం’ పేరుతో ఇలాంటి పగటి కేంద్రాలు, పూర్తిగా చూసుకునే కేంద్రాలు మొదలుపెట్టింది. కోనసీమను ఇంకో కేరళ అని అందరూ పొగుడుతారు. మనకూ అదే కొబ్బరి, అవే కాలవలు, అలాగే గల్ఫ్‌కు వెళ్లిన పిల్లలు, ఇంట్లో మిగిలిన పెద్దవాళ్లు. పిల్లలు తగ్గి ఖాళీ పడిన బడి గదులు మండలానికి ఒకటైనా ఉన్నాయి. మనుషులు ఎక్కడ దొరుకుతారంటారా? కువైట్‌లో, మస్కట్‌లో, దుబాయిలో పరాయివాళ్ల తల్లిదండ్రులను ఏళ్ల తరబడి ఒళ్లో పెట్టుకుని చూసిన ఆడవాళ్లు మా ఊళ్లకు తిరిగొచ్చి ఉన్నారు. ఆ పనిలో వాళ్లకున్న నేర్పు ఏ ట్రైనింగ్‌లోనూ దొరకదు. తిరిగొచ్చాక ఇక్కడ రొయ్యల షెడ్లలో తలలు తీస్తూ బతుకుతున్నారు. గౌరవమైన జీతమిచ్చి పిలవండి. పెద్దవాళ్ల చేత కొబ్బరి ఈనెలు తీయిస్తారు, పూలు కట్టిస్తారు, పాటలు పాడిస్తారు. నాన్నగారైతే రోజంతా తాళ్లు పేనుతారు.

ఇప్పటికే మీరు చేస్తున్న పనిలో సగం ఈ జబ్బుకు అడ్డుకట్టే. లాన్సెట్ అనే వైద్య పత్రిక వేసిన నిపుణుల కమిషన్ 2024లో చెప్పినదాని ప్రకారం, బీపీ, షుగరు, కొలెస్ట్రాల్, పొగ, వినికిడి, చూపు, ఒంటరితనం వంటి 14 కారణాలను సరిచేసుకుంటే దాదాపు 45 శాతం డిమెన్షియాను ఆపడమో, వెనక్కి నెట్టడమో సాధ్యం. ఉప్పుచేప, ఊరగాయ తగ్గించమని చెప్పే ఏఎన్‌ఎం అమ్మ, ‘తలకు కూడా మంచిదండీ’ అని ఒక మాట కలిపితే వింటారు. గుండెకంటే మతి పోతుందంటేనే మా వాళ్లు ఎక్కువ భయపడతారు.

మీలో ఎవరైనా ఒకరు ఒకసారి మా ఇంటికి రండి. పొద్దున పదింటికి రండి, అప్పుడు తేటగా ఉంటారు. పొద్దు గూకాక వద్దు. జీపు వీధి చివరే ఆపండి, చప్పుడుకు బెదురుతారు. మీరెవరని అడుగుతారు, ఇరిగేషన్ అని చెప్పండి. లేచి నిలబడి కుర్చీ వేస్తారు. మీరు కూర్చున్నాక, శివారుకు నీళ్లు అందాయా అని అడుగుతారు. ఏడేళ్లుగా ఇంటికి వచ్చిన ప్రతి ఒక్కరినీ అడుగుతున్నారు.

అందాయని చెప్పండి.

ఇట్లు
ఒక లస్కరు కూతురు
వశిష్ఠ గోదావరి గట్టు